అండాలు చెలిమ

మర్రిగూడ అవతలి గుట్టల్లో, మోదుగు చెట్ల నడుమ పుట్టే ఆ వాగును వాగనడం ఊరివాళ్ల మర్యాదే. వానాకాలంలో నాలుగు దినాలు ఉరుకుతుంది. మిగతా ఏడాదంతా ఇసుక కిందికి దూరి, అడవి అంచునే చప్పుడు లేకుండా దిగువకు పాకుతుంది. ఆ ఇసుకలో చెలిమ తవ్వి, గుంటలో ఊరిన తీయటి నీళ్లను చిప్పతో బిందెకెత్తడంలోనే అండాలు అనే ఆ ఇల్లాలి బతుకంతా గడిచింది.

ఊళ్లో బోరింగు లేక కాదు. ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మొగుడు జంగయ్యకు వయసులోనే నడుము వంగిపోయింది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే వెల్లకిలా పడుకోవాల్సిందే. "జంగన్నా, నేల మీద ఏం పారేసుకున్నవే?" అని జనం నవ్వేవారు. నవ్వేవాళ్లకేం పోయింది!

అందుకే కొడుకు విజేందర్ పుట్టిన నాడే అండాలు ఒట్టు పెట్టుకుంది, వీడి నోట్లో బోరింగు చుక్క పడొద్దని. ఎండాకాలం ఒక చెలిమ ఎండితే వాడిని చంకనేసుకుని వాగెంట ఎగువకు పోయి, ఇసుక లోతున్న చోట ఇంకోటి తవ్వేది. "గీడ ఎండాకాలం గూడ నీళ్లుంటయి బిడ్డా, మర్శిపోకు" అనేది. వాడు మరవలేదు. నిటారుగా, దుక్కలా పెరిగి, ఓ ఆడపిల్లకు తండ్రయ్యాడు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు పట్నంలో ఇసుకకు గిరాకీ పెరిగింది. విజేందర్ కిరాయి ట్రాక్టరు తెచ్చి, తిన్నగా తల్లి చూపిన చోట్లకే తోలాడు. ఎక్కడ ఇసుక లోతో వాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? కంచే చేను మేసింది. అండాలు బిందెతో వచ్చేసరికి చెలిమ లేదు, అడుగున బండ తేలింది. ఆమె ట్రాక్టరుకు అడ్డం నిలబడింది.

"నీ బిడ్డ ఏం తాగుతదిరా?"

"ఊరంత తాగుతలేదా? నేను తియ్యకుంటె ఇంకోడు తీస్తడు. జరుగే అమ్మా!"

ఆమె జరగలేదు. రెక్క పట్టి ఒడ్డుకు ఈడ్చి పడేశాడు. ఆ బలం ఎవరు పోసిన నీళ్లదో వాడికి తట్టనే లేదు.

ఇంట్లో మిగిలిన నీళ్లు మనవరాలు భాగ్యశ్రీకే దాచి, అండాలు వాగు పుట్టే బుగ్గ దాకా వెతికింది. ఎక్కడ చూసినా బండ, టైర్ల జాడలు. తిరిగొచ్చేసరికి దాచిన బిందె కూడా ఖాళీ, పిల్ల దాహంతో గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఎంతసేపు ఏడిపిస్తవే? తెచ్చి పొయ్యి," అన్నాడు జంగయ్య నేలను చూస్తూ.

అండాలు పోయి బోరింగు కొట్టింది. ముంతను తానే పిల్ల పెదాలకు ఆనించింది. పిల్ల గటగటా తాగి, ఖాళీ ముంత ముందుకు చాపి, "ఇంకా" అంది.

అండాలు మళ్లీ పోసింది.