కోయా కాకా బిర్యానీ దూరాలు

కోయా కాకాకు గంటలంటే గిట్టదు. కేరళలోని కొండోట్టి బజారులో ఏళ్ల తరబడి విమానం టికెట్లు అమ్ముతున్నాడు గానీ, ఏ ఊరికి ఎంతసేపని అడిగినా గంటల్లో జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఆయన కొలతలన్నీ వంటింటివే.

"కాకా, దోహాకి ఎంతసేపు?"

"ఒక బిర్యానీ. మాంసం కడగడం దగ్గర్నుంచి మూత తీసేదాకా."

"మస్కట్‌కి?"

"అదీ బిర్యానీయే. కాకపోతే మాంసం ముందే నానేసుకోవాలి."

"లండన్‌కి?"

"బిర్యానీ వండి, తిని, గిన్నెలు తోమి, ఓ కునుకు తీసి, లేచి చాయ్ పెట్టుకున్నంత."

కిలోమీటర్లెన్నో చెప్పమని ఒకాయన పట్టుబడితే, "అవి పైలట్ చూసుకుంటాడులే. నువ్వు కూర్చునేది వెనక కదా?" అన్నాడు.

మా మేనత్త బీయాత్తు టొరంటో వెళ్లాల్సి వచ్చింది. కూతురికి కడుపులో కవలలు. పురుటికి దగ్గర ఎవరూ లేరు. అత్తేమో కోళికోడ్ బస్సెక్కితేనే కిటికీలోంచి తల బయటపెట్టే మనిషి. వీసా వచ్చాక అడ్డం తిరిగింది, ఎంత దూరమో తేలందే కదలనని. కాకా దగ్గరికి తీసుకెళ్లాను.

"దోహాదాకా ఒక బిర్యానీ, బీయాత్తూ."

"ఆ తర్వాత?"

"మూడు."

"మూడు బిర్యానీలా! పెళ్లివంటలా ఉందే!"

"పెళ్లంటే పిలవకపోయినా వెళ్తావుగా. పద మరి."

"అత్తా, అది పద్నాలుగు గం..." అనబోయాను. బల్ల కింద కాకా నా కాలు తొక్కాడు.

అత్తను విమానాశ్రయంలోకి పంపి, తిన్నగా వచ్చి కాకా మీద పడ్డాను. "మాటలతో ఎక్కించేశావు. దోహాలో దారి తెలీక ఏడుస్తుంటే ఎవరు చూస్తారు?"

కాకా చెవి గోక్కున్నాడు. "చూద్దాంలే."

మర్నాడు టొరంటో నుంచి ఫోను. తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తాను.

"ఒరే, దోహాలో దిగీ దిగగానే ‘బీయాత్తుమ్మా’ అంటూ ఒకతను పరుగెత్తుకొచ్చాడురా! అక్కడే పనట. కాకా చెప్పాడట. పత్తిరి రొట్టెలూ, కోడికూరా పెట్టి రెండో విమానందాకా చెయ్యి పట్టుకు నడిపించాడు. ఎక్కితే నా పక్క సీట్లో కన్నూరు నర్సమ్మాయి! ఆమెకీ కాకాదే టికెట్టు. ‘పెద్దావిడ వస్తోంది, తోడుగా ఉండు’ అని బతిమాలి, ఆ పిల్ల ప్రయాణం రెండు రోజులు ముందుకు జరిపించాడట. ఆమె భుజం మీదే నిద్రపోయాను."

కొట్టుకు పరుగెత్తాను. "ఇదంతా ముందే చెప్పొచ్చుగా, కాకా?"

"చెబితే మీ అత్త ఎక్కేదా? వాళ్లెవరు, ఏ ఊరు, ఏ ఇంటివాళ్లని ఆరా తీస్తూ కూర్చునేది. విమానం దాని దారిన అది పోయేది."

"అన్నట్టు, నీకో మాట చెప్పమంది."

కాకా కాస్త వెనక్కి జరిగాడు. "తిట్టిందా?"

"తిరుగు ప్రయాణంలోనూ ఆ నర్సమ్మాయినే పక్కన కూర్చోబెట్టాలట. దారి ఇంకాస్త పొడుగైనా పర్లేదట. ఆ పిల్లకి తను చూసిన సంబంధం గురించి సగం చెప్పేలోపే దించేశారట."

కాకా మళ్లీ చెవి గోక్కున్నాడు. "పాపం, ఆ పిల్ల" అన్నాడు.