అందరికీ చెప్పిన నొప్పి

ఆ దర్జీ దుకాణంలో ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. చొక్కాలకు కాజాలు చేత్తో కుట్టడంలో ఆమెకు సాటి లేరు. నెలకు మూడు రోజులు మాత్రం గుడ్డల తానుల వెనక నేల మీద, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పళ్ల బిగువున పడుకునేది. "అక్క పడుకుందంటే నెల తిరిగినట్టే. ఇక మనకి క్యాలెండరు దేనికి!" అని కటింగ్ మాస్టరు నవ్వేవాడు. మొదట్లో ఆమె కూడా నవ్వేది.

పదమూడో ఏట మొదలైన నొప్పి అది. "ఆడపుట్టుక పుట్టాక తప్పుతుందా? ఒక్క కాన్పు అయితే అదే సర్దుకుంటుంది" అనేది అమ్మ. పెళ్లయి ఏడేళ్లయినా ఆ ఒక్క కాన్పే రాలేదు.

చివరికి బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే భర్త సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఎండోమెట్రియోసిస్ అంది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరిగి, అండాశయాలనూ పేగులనూ ఒకదానికొకటి అతికించేసిందట. సంచి లోపల రెండు చిన్న కండ ముద్దలు కూడా ఉన్నాయట, పాలిప్స్ అంటారట వాటిని.

"ఎన్నాళ్లుగా ఈ నొప్పి?"

"పంతొమ్మిదేళ్లుగా, మేడమ్."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"అందరికీ చెప్పానండి."



పాలిప్స్ తీసేశారు, అతుకులు విడదీశారు. ఏడాది చూసి, అప్పటికీ కడుపు రాకపోతే, బయట తయారుచేసిన పిండాన్ని రెండుసార్లు సంచిలో పెట్టారు. రెండోసారి నిలిచిందన్నారు. పదకొండు రోజులు ఆమె తుమ్మడానికి కూడా భయపడింది. పన్నెండో రోజు పొద్దున స్నానాలగదిలోకి వెళ్లి గడియ తియ్యలేదు.

"తియ్యవే, నేనే కదా" అని భర్త తలుపుకు నుదురు ఆనించి బతిమాలాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ వచ్చి, మంచం మీద కూర్చుని కూతురి పాదాలు ఒళ్లో పెట్టుకుంది.

"నాకూ నెలనెలా ఇలాగే నొప్పి వచ్చేదే. మా అమ్మ కాన్పు అయ్యేదాకా ఓర్చుకోమంది. నువ్వు పుట్టావు కాబట్టి ఆవిడ మాటే నిజమనుకున్నాను."

కోపం రావాలి. రాలేదు. పాదాలు వెనక్కి తీసుకోవాలనుకుంది, అందుకూ ఓపిక లేకపోయింది.

"నీకింకా వస్తోందా?"

"ఎప్పుడో ఆగిపోయింది."

"అదృష్టవంతురాలివి" అంది కూతురు.

మరో ప్రయత్నానికి అండాలు మిగల్లేదన్నారు. అతుకులు మళ్లీ కట్టుకున్నాయి. ఈసారి నొప్పి తగ్గాలంటే సంచి కూడా తీసేయడం మంచిదట. సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీద ఉంది. భర్త రోజూ బల్ల తుడిచి, ఆ కాగితాన్ని ఉన్నచోటే పెడతాడు. ఆమె ఇంకా సంతకం పెట్టలేదు.