తూర్పోళ్ల గూడెం, తూర్పు సాక్సన్లు

ఉదయం ఏడున్నరకి నూజివీడు బస్టాండులో చాట్రాయి బస్సెక్కాను. నా హాస్టల్ రూమ్మేటు సింహాచలం ముందురోజు ఫోన్ చేశాడు. వాళ్ల ఊరు తూర్పోళ్ల గూడెం. రోడ్డు మీద ఆర్చి కట్టిస్తానని ఓ తోటల ఆసామి ముందుకొచ్చాడట. కాకపోతే ఊరి పేరు తీసేసి ఆ ఆసామి నాన్న పేరు పెట్టాలట. "రేపు మీటింగు. నువ్వు రారా, మాట్లాడేవాళ్లు కావాలి" అన్నాడు.

మామిడి తోటల్లో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లని ఇక్కడ తూర్పోళ్లంటారు. ఊరి పేరుకి అర్థం అంతే.

పక్క సీట్లో ఖాళీ మామిడి ట్రేలతో ఒకాయన. విషయం విని, "మార్చడమే మంచిదండీ. కూలోళ్ల పేరు ఆర్చి మీదేం బాగుంటది?" అన్నాడు.

ఇంగ్లండులో ఎసెక్స్ అనే కౌంటీ, మన జిల్లా లాంటిది, ఉందని చెప్పాను. ఎసెక్స్ అంటే తూర్పు సాక్సన్లు, సముద్రం దాటొచ్చి స్థిరపడ్డ ఓ తెగవాళ్లు. ససెక్స్ అంటే దక్షిణ సాక్సన్లు. నార్ఫోక్ అంటే ఉత్తరాది జనం. ఆ పేర్లకి అక్కడెవరూ సిగ్గుపడరు.

"అవి ఇంగ్లీషు పేర్లు కదండీ. వినడానికి బాగుంటాయి."

నాకు ఒళ్లు మండింది. అర్థం ఒకటే అయినప్పుడు అక్కడ చరిత్ర, ఇక్కడ చిన్నతనమా?

ఎనిమిదిన్నరకి దిగాను. రేకుల షెడ్డు కింద ఆసామి ఒక్కడే కుర్చీలో ఉన్నాడు, ఊరంతా నిలబడి ఉంది. ఊరి పేరు పట్టుకుని బళ్లో పిల్లల్ని ఎగతాళి చేస్తున్నారని సగంమంది ఒప్పుకునేలా ఉన్నారు. నేను ఎసెక్స్ అనగానే ఆసామి, "లండన్ కబుర్లెందుకు బాబూ, నీది ఈ ఊరా?" అని నోరు మూయించాడు.

అప్పుడు సింహాచలం వాళ్లమ్మ అప్పలనరసమ్మ ముందుకొచ్చింది. "మీ తోటల మొక్కలు మా అత్త పాతినాది. తోటకి మీ నాన్న పేరెట్టుకున్నారు, మేమేటీ అన్నేదు. ఊరికి మా పేరుండనీండి."

"అయితే ఆర్చి లేదు."

"నేకపోతే నేదు. ఆర్చి కింద కాపురముంటామేటి?"

అందరూ నవ్వేశారు. ఆసామి దింపించిన ఇనుప చువ్వలు గంటలో ట్రాక్టరెక్కి వెళ్లిపోయాయి.

వాళ్లింట్లో మామిడికాయ పప్పు తిని రెండింటి బస్సెక్కాను. నూజివీడు చేరేదాకా కోపం తగ్గలేదు. నాలుగు బస్తాల సిమెంటుకి ఓ ఊరి పేరు బేరమాడారు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. అక్కడ ఆర్చి ఉండదు, బోర్డూ ఉండదు. కండక్టరుతో తూర్పోళ్ల గూడెం అనండి, దింపుతాడు.