జేబున్న బొంత

నిన్న మా కోడలు చీపురు పట్టుకుని నా కుట్టుగది గుమ్మంలో నిలబడి, "అమ్మీ, ఈ పేలికలన్నీ పారేద్దామా?" అంది. పాపం, ఎంత మెల్లగా అడిగిందో! నేను మాత్రం వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాను. ఆ పిల్ల బిత్తరపోయి చీపురు అక్కడే వదిలేసి వెళ్లింది. తర్వాత నేనే చాయ్ పెట్టిచ్చి బతిమాలుకున్నాను గానీ, ఎందుకు అరిచానో చెప్పలేదు. చెప్పాలంటే జనగామలో మా ఫుప్పు ఇంటిదాకా పోవాలి. ఫుప్పు అంటే మా నాన్నకు అక్క.

తెలంగాణ కొట్లాట జోరు మీదున్న రోజులవి. నేను పెద్దవంగరలో టీచర్‌ని. సమ్మెలో బడికి తాళం పడితే, ఫుప్పును ఒకసారి చూసిపోదామని జనగామ వచ్చాను. మర్నాటికి బస్సులు కూడా బందయ్యాయి. రెండు రోజులు తిని పడుకున్నాను. మూడో రోజుకు చేతులు దురద పెట్టాయి. పిల్లల నోటుపుస్తకాలు కూడా సైజుల వారీగా పేర్చనిదే నాకు అన్నం సయించదు. అట్లాంటిదాన్ని తీసుకొచ్చి ఫుప్పు బొంతలు కుట్టే గది పక్కన పడేస్తే ఎట్లా? ఫుప్పా, అంటే ఆమె భర్త, దర్జీ. ఆయన దుకాణంలో కత్తిరింపులు జన్మంతా ఆ గదిలోకే వచ్చి పడ్డాయి. మంచం కింద మూటలు, అటక మీద మూటలు, ఆఖరికి బియ్యం డ్రమ్ములో కూడా ఒక మూట. దేంట్లో ఏముందే ఫుప్పూ అంటే, "నాకెర్క తియ్" అనేది. ఆ వానాకాలంలోనే ఫుప్పా పోయాడు. నలభయ్యో రోజున ఆయన బట్టలన్నీ లేనివాళ్లకు పంచేశాం.

ఫుప్పు కూతురు అప్పుడు నిండు నెలలతో పుట్టింట్లో ఉంది. మా ఇంట్లో పుట్టిన బిడ్డను కొత్త బట్ట మీద పడుకోబెట్టరు. పెద్దవాళ్లు కట్టి మెత్తబడ్డ బట్టలతో బొంత కుడతారు, నడిమి ముక్క మాత్రం తాతదో అవ్వదో అయ్యుండాలి. ఫుప్పు అంచులన్నీ కుట్టేసి నడిమిట్ల జానెడు చోటు ఖాళీగా వదిలింది. అడిగితే, "అది ఆఖరుకు ఏస్త" అంది. తాత బట్టలు పంచేశాం కదా, మరి అక్కడ ఏం వేస్తుందని నాకు తట్టాలా వద్దా? తట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఫుప్పు కూతుర్ని దవాఖానకు తీసుకుపోయింది. నేను కొంగు నడుముకు చెక్కి గదిలో దిగాను. రంగుల వారీగా ముక్కలు పేర్చాను. ఎలుకలు కొట్టినవీ, మాసినవీ, ఎందుకూ పనికిరానివనిపించినవీ నాలుగు మూటలు తేలాయి. సరిగ్గా అప్పుడే వాడకట్టు యువకులు తలుపు కొట్టారు. "అక్కా, ఇయ్యాల కాగడాల ర్యాలీ ఉన్నది. పాత బట్టలుంటె ఇయ్యున్రి. పొద్దుగూకంగ మగ్రిబ్ అజాన్ అయిపోంగనే ముట్టిస్తం" అన్నారు. అల్లాయే పంపాడనుకున్నాను! నాలుగు మూటలూ చేతిలో పెట్టాను. ఒక్క దెబ్బకు ఇల్లూ ఉద్యమమూ రెండూ బాగుపడ్డాయని మురిసిపోయాను కూడా.

ఫుప్పు వచ్చేసరికి పొద్దు వాలింది. నేను పేర్చిన అరల వైపు కన్నెత్తి చూడలేదు. వంగి మంచం కింద చూసింది. "ఆకుపచ్చ చున్నీల కట్టిన మూటేది?" అంది. పైపైన చూసి ఇచ్చేశానన్నాను. ఎవరికిచ్చానో చెప్పాను. ఆమె మళ్లీ గుమ్మంవైపు తిరిగింది. "దాంట్ల మీ ఫుప్పా అంగి ఉండెనే." పోయినవాళ్ల బట్ట ఇంట్లో పెట్టుకోవద్దని నలుగురూ అంటారని, ఒక్క అంగీ మాత్రం ఎవరికీ చెప్పకుండా దాచుకుందట. "పేలికలల్ల ఎవ్వరు సూస్తరే? ఒక్క నువ్వు దప్ప!" అంది.

చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాం. చౌరస్తా దగ్గర దుకాణాలన్నీ మూసున్నాయి, పోలీసులు అడ్డం నిలబడ్డారు. పర్మిషన్ లేని ర్యాలీ, వెనక్కి పోండమ్మా అని ఒకాయన లాఠీ అడ్డం పెట్టాడు. ఫుప్పు ఆగలేదు. "సారూ, నా మొగని అంగి ఆడున్నది, జర తెచ్చుకుంట" అంది. ఆయన ఏమర్థం చేసుకోవాలో తెలియక తికమకపడేలోపే లాఠీ కింద నుంచి వంగి దాటింది. నేనూ వెంట దూరాను. అంతలో మసీదు మైకులో అజాన్ మొదలైంది.

గోడకు వరసగా కాగడాలు ఆనించి ఉన్నాయి. బట్టలు చుట్టి, తీగ కట్టి, కిరసనాయిలులో ముంచారు. అన్నీ ఒకే మట్టిరంగు. మా దగ్గర మూటలు తీసుకున్న యువకుడే చేతిలో అగ్గిపెట్టెతో అజాన్ అయిపోవడం కోసం ఆగి ఉన్నాడు. అజాన్ ఎంత సేపుంటుంది? ఆ రోజు ఇంకొంచెం సాగదీయమని అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్‌ను మనసులో ఎంత వేడుకున్నానో. ఫుప్పు ఒక్కో కాగడా మీద వేళ్లు పెట్టి తడుముకుంటూ పోతోంది. బట్ట మీద గీతలు గీసే నీలం సుద్ద ఫుప్పా ఎప్పుడూ జేబులో వేసుకునేవాడు. ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు, ఆమె వెతుకుతున్నది దాని కోసమే. నేను ఈ చివర నుంచి వెతుకుతున్నాను, ఆ మట్టిరంగులో నాకు ఏ మరకా ఆనడం లేదు. అజాన్ ఆఖరి మాటలకొచ్చింది.

"ఇగో," అంది ఫుప్పు.

యువకుడి మొహం వెలవెలబోయింది. "తప్పైంది అవ్వా, మొత్తం విప్పిస్తం" అన్నాడు. ఫుప్పు తనే తీగ విప్పింది. మెడలో దారానికి వేలాడే చిన్న కత్తెరతో జేబు ఒక్కటి కత్తిరించి కొంగున ముడేసుకుంది. మిగతా అంగీని మళ్లీ కర్రకు చుట్టి తీగ బిగించింది. "మీరు కట్టింది సగం తొవ్వల ఊడిపోతుండె. ఇగ ముట్టియ్యున్రి. బతికుంటె అందరికన్న ముంగట నడుస్తుండె మనిషి" అంది. అది భగ్గుమని అంటుకున్నాక అక్కడే నిలబడి గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాకైతే తప్పు చేసిన ఏడుపు. ఇంటికి పోతూ నా చెయ్యి పట్టుకుని, "ఇగ ఇల్లు సదరకు బిడ్డా" అంది.

కుంకుడు రసంలో ఎన్నిసార్లు ఉతికినా జేబుకు కిరసనాయిలు వాసన పోలేదు. బిడ్డేమో నాలుగో రోజే పుట్టేసింది. దాన్ని నా పాత చీరలో పడుకోబెట్టాం. నెల దాటి వాసన కాస్త తగ్గాక ఆ ముక్కను బొంత నడుమ మూడు వైపులే కుట్టి, పైన మూతి తెరిచి వదిలింది ఫుప్పు. జేబు జేబులాగే ఉండాలట. నడక వచ్చాక ఆ పిల్ల దాంట్లో చింతగింజలు దాచుకునేది. ఫుప్పు పోయాక మూటలన్నీ నా ఇంటికి వచ్చాయి, ఇంకెవరూ తీసుకోలేదు. అంచు చిరిగిందని పోయిన నెల ఆ పిల్ల బొంతను నా దగ్గర ఇచ్చి వెళ్లింది. నా కంటే ఎత్తు పెరిగిందిప్పుడు. నిన్న కోడలు వెళ్లాక, పేలికల మధ్యనున్న ఆ బొంత జేబులో చెయ్యి పెట్టి చూశాను. ఎప్పటిదో ఒక చింతగింజ తగిలింది. అంత పెద్ద కాపురంలోంచి కాలం మా ఫుప్పుకు ఒక్క జేబే మిగిల్చింది గానీ, దాన్ని మళ్లీ నింపడానికి ఒక పిల్లను కూడా ఇచ్చింది.