పిన్ని బుగ్గలు

మా పిన్నికి చిన్నప్పుడు ఒళ్లంతా పొక్కులు లేచాయి. అవి తగ్గిపోతూ రెండు బుగ్గల మీదా గుంటలు వదిలి వెళ్లాయి. చుట్టాలెవరైనా అయ్యో పాపం అంటే, "మీకేమైనా అడ్డమొచ్చాయా?" అని అడిగేసేది. అంత మొండిఘటం.

అలాంటి మనిషి ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పదిమంది మొహాలూ దిద్దే పనిలో చేరింది. మొటిమ తీసెయ్యమంటే తీసేది. అడగనిదే ఎవరి మొహం మీదా చెయ్యి వేసేది కాదు.

ఆమధ్య ఓనరుగారు కొట్టుకు కొత్త బోర్డు పెట్టించాలనుకున్నాడు. దాని మీద తనూ పిన్నీ కలిసి ఉన్న ఫోటో. వెలుతురు చాలక ఫోటో అంతా ఇసుక చల్లినట్టు వచ్చింది. దాన్నే వాళ్లు నాయిస్ అంటారు. ఆయనే కూర్చుని, నాయిస్ తగ్గించే స్లయిడర్‌ని చివరిదాకా లాగేశాడు. ఇసుకేదో గుంటలేవో కంప్యూటరుకేం తెలుసు? రెండూ పోయాయి. బొమ్మ మెత్తబడిందని షార్ప్‌నెస్ పెంచితే జుట్టు ఇనపతీగల్లా తేలింది. పిన్ని బుగ్గలు మాత్రం పింగాణీ పళ్లెంలా నున్నగా ఉన్నాయి.

"ఎంత బాగొచ్చావో చూడమ్మా!" అన్నాడు మురిసిపోతూ.

"ఎవరండీ ఈవిడ?" అంది పిన్ని.

క్యారియరు ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు ఆ బుగ్గలకి నా బుగ్గ ఆనించి నిద్రపోయినదాన్ని. వాటిని చెరిపెయ్యడానికి ఈయనెవరు?

పిన్ని నోరు పారేసుకోలేదు. కుర్చీ లాక్కుని, అసలు ఫోటో మళ్లీ తెరిచింది. గోడకీ, బట్టలకీ, ఓనరుగారి బట్టతలకీ నాయిస్ బాగా తగ్గించింది. తన బుగ్గల మీద పైపైన తగ్గించి, ఒక్కో గుంట అంచూ తేలేలా షార్ప్ చేసింది.

"కస్టమర్లు పారిపోతారు తల్లీ!"

"ఇన్నేళ్లుగా ఈ మొహం చూసే వస్తున్నారు కదండీ. పారిపోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

"బోర్డు నాది."

"మొహం నాది. ఇదొద్దంటే ఆ నున్నటావిడనే పెట్టుకోండి. రేపట్నుంచి పనికి కూడా ఆవిడనే రమ్మనండి."

పిన్ని అన్నంత పనీ చేస్తుందని ఆయనకి తెలుసు. గొణుక్కుంటూనే ఆ ఫోటోని ప్రింటుకి పంపాడు.

బోర్డు ఎక్కించిన రోజు ఓనరుగారు రోడ్డు దాటి, అటువైపు నుంచి చూసి, తల పట్టుకుని లోపలికొచ్చాడు.

"అక్కణ్ణుంచి కూడా కనిపిస్తున్నాయమ్మా!"

"కనిపించాలనే కదండీ షార్ప్ చేసింది," అంది పిన్ని, తెర మీంచి కళ్లు తిప్పకుండా.