చివరి వాయిదా దాకా

మొన్న ఒక ఉదయం కామారెడ్డి కోర్టు వరండాలో కూర్చుని ఉన్నాను. అప్పుడే వాన వెలిసింది. తడిసిన నల్లకోట్ల వాసన, జిరాక్స్ మిషన్ వేడికి కాగితం నుంచి వచ్చే వాసన కలిసి ముక్కుకు తగులుతున్నాయి. అటెండర్ గుమ్మం దగ్గరికి వచ్చి ఎవరి పేరో సాగదీసి మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకు మూలన కూర్చున్న ఒక మనిషి ఉలిక్కిపడి లేచి, చెప్పులు బయటే విడిచి, తలవంచుకుని లోపలికి పోయాడు. కోర్టు పిలుపులు వేలల్లో విని ఉంటాను. అయినా ప్రతిసారీ విఠల్ సార్ గుర్తుకొస్తారు.

ఆయన వకీలు. పుట్టింది మద్నూర్ వైపు. ఇంట్లో మరాఠీ, కోర్టులో తెలుగు, కోపం వస్తే ఉర్దూ మాట్లాడేవారు. కుడిచెవి సరిగా వినిపించేది కాదు. అందుకని జడ్జి ఏదన్నా చెబుతుంటే ఎడమచెవి ముందుకు పెట్టి పక్కకు తిరిగి నిలబడేవారు. తెలియనివాళ్ళు అది పొగరనుకునేవారు. నిజానికి కొంచెం పొగరు కూడా ఉండేది. తాను రాసిన పిటిషన్‌లో ఎవరైనా తప్పు పడితే రెండు రోజులు వాళ్ళతో మాట్లాడేవారు కాదు. సొంత బండి లేదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి కోర్టుకు బస్సులోనే వచ్చేవారు. మధ్యాహ్నం ఎక్కడ నీడ దొరికితే అక్కడ కూర్చుని, గుడ్డలో చుట్టుకొచ్చిన జొన్నరొట్టె పచ్చిమిరప తొక్కుతో తినేవారు.

నాకు ఆయన పరిచయం అయ్యేనాటికి నేను ఎల్లారెడ్డిలో ఒక పత్రికకు విలేకరిని. పాతికేళ్ళు నిండలేదు. జిల్లా పేజీలో నా పేరు కనిపిస్తే ఆ రోజంతా కాలు నేల మీద ఆగేది కాదు. అట్లాంటి రోజుల్లో మా మండలంలోని ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు వరసగా వాంతులు చేసుకున్నారు. ట్రాక్టర్లలో, ఆటోల్లో వాళ్ళను ఆసుపత్రికి తెచ్చారు. మంచాలు చాలక కొందరిని నేలమీదే పడుకోబెట్టారు. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ ఆ సాయంత్రం ఆసుపత్రి గేటు ముందు తల్లుల ఏడుపు విన్నవాళ్ళకు ఎవరో ఒకరి మీద కోపం రాకుండా ఉండదు. నాకూ వచ్చింది.

ఆ కోపం నాగవ్వ మీద పడింది. ఆమె ఆ బడిలో వంట చేసేది. మొగుడు చనిపోయాడు, ఇంటర్ చదివే కూతురు లత ఒక్కతే తోడు. వంటపని ఆమె దగ్గర నుంచి తీసి వేరేవాళ్ళకు ఇస్తారని ఆ నెలలోనే ఊళ్ళో మాట నడిచింది. ఇంకేముంది, కక్షతోనే అన్నంలో విషం కలిపిందన్నారు. నేను బడి వంటగదికి వెళ్ళాను. గూట్లో సగం మడిచిన పొట్లం ఒకటి కనిపించింది. ముట్టుకోలేదు, వాసన చూడలేదు, అదేమిటని ఎవరినీ అడగలేదు. "వంటగదిలో అనుమానాస్పద తెల్లటి పొడి" అని రాశాను. పైన పెద్ద అక్షరాల్లో "పసిపిల్లలకు విషం పెట్టిన వంటమనిషి" అన్న శీర్షిక, పక్కన నాగవ్వ ఫొటో వేశారు. టీవీ చానళ్ళవాళ్ళు నా వార్తే పట్టుకుని రెండు రోజులు ఆ పొడి గురించే మాట్లాడారు. మూడోరోజు నాగవ్వను అరెస్టు చేశారు. నేరం ఒప్పుకుందని కూడా రాశాను.

ఆమెను ఎల్లారెడ్డి కోర్టుకు తెచ్చిన రోజు రోడ్డు నిండా జనం. ఎవరో చెప్పు విసిరారు. అది పక్కనున్న కానిస్టేబుల్‌కు తగిలింది. ఆమె తరఫున ఏ వకీలూ ముందుకు రాలేదు. వాళ్ళనూ తప్పుపట్టలేను, వాళ్ళ పిల్లలూ బడుల్లోనే చదువుతున్నారు కదా. విఠల్ సార్ ఆ రోజు వేరే భూమి కేసు పని మీద వచ్చారు. జడ్జి, "ఈమె తరఫున ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే వెనక బెంచీ మీద నుంచి లేచి, పక్కకు తిరిగి నిలబడి, "నేనున్న సార్" అన్నారు.

బయటికి వచ్చాక చంకలో పేపరు పెట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చారు.

"నువ్వేనా రాసింది?"

"అవును సార్." మెచ్చుకుంటారనుకున్నాను.

"నేరం ఒప్పుకున్నదని రాసినవ్. ఎవరి ముంగట ఒప్పుకున్నది?"

"పోలీసుల ముంగట అట సార్."

"నువ్వు ఇన్నవా?"

"లేదు సార్. చెప్పిండ్రు."

ఆయన చంకలోని పేపరు తీసి నా చేతిలో పెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "మొదటి రోజు మంచిగ ఉరుక్కుంట వచ్చినవ్. ఇగ చివరి వాయిదా దాక రావాలె. మధ్యల ఒక్కటి తప్పినా నేనొప్పుకోను" అని బస్టాండు వైపు నడిచారు.

నేను వెళ్ళింది మంచితనంతో కాదు. ముసలాయన తన కేసు ఎట్లా ఓడిపోతాడో చూద్దామనే వెళ్ళాను. కేసు కామారెడ్డి సెషన్స్ కోర్టుకు మారింది. వాయిదా ఉన్న రోజు పొద్దున్నే బస్సెక్కేవాణ్ణి. రెండు వాయిదాలయ్యాక మిగతా విలేకరులు రావడం మానేశారు. నాలుగో వాయిదాకు నేనొక్కణ్ణే మిగిలాను. సాక్షి రాలేదని ఒకసారి, జడ్జి సెలవని ఒకసారి, ఊరికే తారీకు వేసి పంపేవారు. నాగవ్వకు బెయిలు వచ్చింది కానీ ఊళ్ళో ఉండలేక, కామారెడ్డిలో అక్క ఇంట్లో ఉంటూ బీడీలు చుట్టేది. లత చదువు మానేసి తల్లి పక్కనే కూర్చుంది. వరండాలో వాళ్ళిద్దరికీ ఎదురుగా నేను కూర్చునేవాణ్ణి. నాగవ్వ ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

ఒకనాడు కోర్టు అయ్యాక విఠల్ సార్‌కు ఎల్లారెడ్డిలో పనుండి ఒకే బస్సులో వచ్చాం. వెనక సీటులో ఒకాయన అందరికీ వినపడేటట్టు, "పిల్లలకు ఇసం పెట్టినదానికి వకీలట. గీయనకు మనుమలు లేరా?" అన్నాడు. విఠల్ సార్ కిటికీలోంచి నాట్లు చూస్తూ, "ఈ కుడిచెవు దేవుడు నాకు గిందుకే ఇచ్చిండు" అని నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. తాను కొత్తగా నల్లకోటు వేసుకున్న రోజుల్లో మద్నూర్ దగ్గర ఒక హత్య కేసులో ఇట్లాగే ఊరంతా ఒక్కటై ఒకణ్ణి వేలెత్తి చూపిందట. వాడి అన్న వచ్చి ఈయన కాళ్ళు పట్టుకున్నాడట.

"నేను ఒప్పుకోలే. ఊరోళ్ళతోని మనకెందుకని మా బాపు అన్నడు. నాక్కూడ భయమైంది. తరువాత అసలోడు దొరికిండు బిడ్డా. గప్పటికి వీడు జైల్ల ఆరేండ్లు ఉన్నడు. బయటికొచ్చినంక ఒకసారి బజార్ల కనవడి నాకు దండం పెట్టిండు. దానికంటె తిట్టినా మంచిగుండేది."

ఎల్లారెడ్డిలో దిగేటప్పుడు ఆయన కేసు కాగితాల కట్ట నేను పట్టుకున్నాను.

ఏడెనిమిది నెలలకు ల్యాబు రిపోర్టు వచ్చింది. అన్నంలో, పప్పులో విషం లేదు. బడి నీళ్ళ ట్యాంకులో నీళ్ళు పాడైపోయి ఉన్నాయి. గూట్లోని పొడి వంట సోడా. నేను ఎగిరి గంతేసి వార్త రాసి పంపాను. డెస్కు నుంచి ఫోను వచ్చింది, "అది పాత ముచ్చట శ్రీనివాస్, ఇప్పుడెవరు చదువుతరు?" అని. వార్త రాలేదు. రిపోర్టు వచ్చినా కేసు ఆగలేదు. ట్యాంకులోనే ఆమె ఏదో కలిపి ఉంటుందని, కలపడం చూసిన సాక్షి ఉన్నాడని పోలీసులు అన్నారు.

ఆ సాక్షి వాంగ్మూలం ఇచ్చే రోజు ముందు విఠల్ సార్ ఫోను చేసి, "రేపు ముందటి బెంచీల కూసో" అన్నారు. ఎందుకో చెప్పలేదు. సాక్షి ఒక పిల్లవాడి తండ్రి, కూలిపని చేసుకునే మనిషి. బోనులో నిలబడి, సర్కారు వకీలు అడిగినదానికి, "నాగవ్వ అనుమానాస్పద తెల్లటి పొడి కలుపుతుంటే చూసిన" అని గడగడా అప్పజెప్పాడు. అవి నా మాటలు. అదే వరసలో, ఒక్క అక్షరం తేడా లేకుండా.

విఠల్ సార్ లేచారు. గొంతు పెంచలేదు.

"అన్నా, అనుమానాస్పద అంటే ఏంది?"

ఆ మనిషి దిక్కులు చూశాడు. "నాకు తెల్వదు సార్."

"తెల్వని మాట నీ నోట్లకెట్లొచ్చింది?"

"పేపర్ల ఉన్నదని సదివి చెప్పిండ్రు సార్. టీవీల గూడ గట్లనే అన్నరు."

"నీ కండ్లతోని చూసినవా, టీవీల చూసినవా?"

ఆ మనిషి కండ్లు తుడుచుకున్నాడు. "ఆ రోజు నేను ఊళ్ళ లేను సార్. నా కొడుకు సచ్చిపోతడనుకున్న. అందరు ఆమెనే అన్నరు. నేను గూడ అన్న."

విఠల్ సార్ ఆయన్ను ఇంకేమీ అడగలేదు. వెనక్కి వచ్చి కూర్చుంటూ నా వైపు చూడలేదు కూడా. బయటికి వచ్చాక రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టారు. నేను తినలేకపోయాను. "ముందే చెప్పొచ్చు కదా సార్" అన్నాను. "చెప్తే నమ్మకపోదువు. ఇన్నవు గద ఇప్పుడు" అన్నారు.

కేసు మొదలైన మూడేళ్ళకు తీర్పు వచ్చింది. నాగవ్వ నిర్దోషి. ఆ రోజు కోర్టు ముందు జనం లేరు, కెమెరాలు లేవు. నాగవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. లత నా దగ్గరికి వచ్చింది. "అన్నా, అప్పుడు మా అమ్మ ఫొటో ఇంత పెద్దగ ఏసిండ్రు. ఇప్పుడు గూడ గంతనే ఏస్తరా?" అని చేతులు చాపి చూపించింది. వేస్తామన్నాను. మర్నాడు జిల్లా పేజీ అడుగున, ఒక షాపు ప్రకటన పక్కన, మూడు వాక్యాలు వచ్చాయి. ఫొటో లేదు.

నేను ఆ పేపరు పట్టుకుని విఠల్ సార్ ఇంటికి వెళ్ళి, ఉద్యోగం మానేస్తానన్నాను. ఓదారుస్తారనుకున్నాను. ఆయనకు కోపం వచ్చింది. "మానేస్తే ఆమెకేం ఒరుగుతది? పేపరోళ్ళు ఏయకపోతే నీకు నోరు లేదా? కాళ్ళు లెవ్వా?"

తరువాతి శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉందని తెలిసి, హెడ్మాస్టరును అడిగి ఇద్దరం అక్కడికి వెళ్ళాం. తీర్పు కాపీలో ముఖ్యమైన భాగాన్ని తెలుగులో రాసుకుని చదివాను. చివర, "ఆ పొడి సంగతి తెలుసుకోకుండా రాసినోణ్ణి నేనే. నాది తప్పు" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఒకాయన, "కోర్టుల గెలిసింది సరే, మా మనుసులకెట్ల నచ్చజెప్పాలె?" అన్నాడు. ఒక ముసలావిడ మాత్రం, "ఆ సోడ నేనే ఇచ్చిన, పప్పు ఉడుకుతలేదంటే. ఎవ్వలడిగిండ్రు నన్ను?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడేళ్ళలో పోలీసులు గానీ, నేను గానీ ఆమెను అడగలేదు.

నాగవ్వను బడి మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఆమె ఊరికి వచ్చింది కానీ చాలా రోజులు ఆమె ఇంట్లో ఎవరూ నీళ్ళు ముట్టలేదు. తరువాత ఒకరిద్దరు ఫంక్షన్లలో వంటకు పిలిచారు. లత ప్రైవేటుగా పరీక్షలు రాసింది. విఠల్ సార్‌కు ఆ కేసు తరువాత గిరాకీ తగ్గింది, మళ్ళీ పూర్తిగా పెరగనే లేదు. ఆయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నేను పత్రికలోనే ఉండిపోయాను. కొన్నాళ్ళకు కామారెడ్డి కోర్టు వార్తలు నాకే ఇచ్చారు. ఆయన మంచాన పడ్డాక చూడటానికి వెళితే మందుల గురించి మాట్లాడనిచ్చేవారు కాదు. "సదాశివనగర్ పిలగాని కేసు ఏడిదాక వచ్చింది?" అని, నేను వార్త రాసిన ఏదో ఒక కేసు గురించే అడిగేవారు. తెలియదంటే మొహం గోడ వైపు తిప్పుకునేవారు. అందుకని తెలుసుకునే వెళ్ళేవాణ్ణి.

పోయిన ఎండాకాలం ఆయన వెళ్ళిపోయారు. పదోరోజు భోజనాలకు వంట చేస్తానని నాగవ్వ తనంతట తానే వచ్చింది. వకీళ్ళు, కక్షిదారులు, ఎల్లారెడ్డి నుంచి వచ్చినవాళ్ళు వరసల్లో కూర్చున్నారు. ఆనాడు బోనులో కండ్లు తుడుచుకున్న మనిషి, ఇప్పుడు మీసాలొచ్చిన కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, నాకు రెండు విస్తళ్ళ అవతల కూర్చున్నాడు. నాగవ్వ వాళ్ళిద్దరికీ అన్నం వడ్డించింది. తండ్రి ఆమె వైపు చూడలేకపోయాడు. కొడుకు మాత్రం తింటూ, "పప్పు ఇంకింత ఎయ్యి అవ్వా" అన్నాడు. ఆమె చేతిలో గరిట ఒక్క క్షణం ఆగింది. తరువాత నిండుగా వేసింది.

ఇప్పుడు నేను ఎవరి పేరైనా మొదటిసారి వార్తలో రాసేటప్పుడు, ఆ మనిషి కేసు తీర్పు దాకా నా మీద ఉందనుకుంటాను. అన్ని వాయిదాలకూ వెళ్ళగలుగుతున్నానని చెప్పను. తప్పిపోయినవీ ఉన్నాయి, అవి నన్ను బాధపెడతాయి. చానళ్ళవాళ్ళు ఫోను చేసి, నిందితుడు ఒప్పుకున్నాడా, రెండు నిమిషాలు లైవులో చెప్పండని అడిగితే, నాకు తెలియదంటాను. వాళ్ళు ఇంకొకరికి ఫోను చేస్తారు. నాగవ్వ నన్ను క్షమించిందో లేదో తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. ఆ రోజు వడ్డిస్తూ వడ్డిస్తూ నా విస్తరి దగ్గరికి వచ్చి ఆగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా మొహంలోకి చూసి, "తక్కువ తింటున్నవ్, ఇంకింత పెట్టాల్నా తమ్మీ?" అంది. పెట్టమన్నాను.