ఆయుధపూజ నాడు మా డిస్కుకు వైద్యం

పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే లోపలి నుంచి టక్... టక్... టక్ అని చప్పుడు. డిస్కు మొరాయిస్తోందని అర్థమైంది. ఆ వెంటనే, చెప్తే నమ్మరు, నవ్వొచ్చింది. ఆ చప్పుడు వింటే చాలు, నాకు కర్పూరం వాసన, బంతిపూల వాసన, వాటి మధ్య నుంచి కరుణమ్మ టీచర్ కేక: "చెయ్యి తియ్యి పాపా, ప్లగ్గు ముట్టుకోగాకు!"

టీచర్ ప్రొద్దుటూరులో మా పక్కింట్లో ఉండేవారు. పుట్టిల్లు జమ్మలమడుగు. బతుకంతా లెక్కలు చెప్పి, రిటైరయ్యాక కంప్యూటర్ కొనుక్కున్నారు. కొన్నవాళ్లు ఊరికే వాడుకుంటారా? ఈమె విప్పి చూశారు. ఆడవాళ్లు బొడ్లో తాళాలగుత్తి దోపుకుంటారు, ఆమె స్క్రూడ్రైవర్ దోపుకునేవారు. చర్చికి కూడా అట్లాగే వెళ్లిపోయి నాలుక కరుచుకున్న రోజులున్నాయి.

నాకప్పుడు డిగ్రీ అయిపోయింది. నాయన ఇంట్లోనే మరమగ్గాలు నడిపేవాడు. నేను మా పాత కంప్యూటర్ ముందు కూర్చుని చీరల అంచులు గీసేదాన్ని. అందులో జొన్నకంకి అంచంటే నాకు ప్రాణం. కంకి వంగిన తీరు, గింజ గింజకూ సందు, అబ్బ, ఎన్నిసార్లు చెరిపి గీశానో! బజార్లో ఒక చీరల వ్యాపారి "దసరా పోయినాక అన్నీ చూపించమ్మా, నచ్చితే నేయిస్తా" అన్నాడు. నచ్చకపోతే నోరు మూసుకుని బీఎడ్‌లో చేరాల. ఇదీ నాయనకూ నాకూ ఒప్పందం.

సరిగ్గా అప్పుడే డిస్కు చెడింది. ఆన్ చేస్తే చాలు, డిస్కు చెక్ చేయాలంటూ నల్లటి తెర, దానిమీద మెల్లగా పెరిగే అంకె. కొంతదూరం పోయి ఆ అంకె కదలదు. కదలకపోతే నాయన వచ్చి టక్కున ప్లగ్గు పీకేస్తాడు. మళ్లీ పెడితే మళ్లీ మొదటి నుంచి చెకింగ్, మళ్లీ పీకుడు. బజార్లో రిపేరు అంగడికి తీసుకుపోతే ఆ అబ్బి కనీసం మూత కూడా తీయకుండా "ఫార్మాట్ కొట్టేద్దాం అక్కా, అంతా చెరిగిపోయి కొత్తదాని మాదిరి ఉంటాది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బా చంకనేసుకుని నేరుగా టీచర్ ఇంటికొచ్చి ఏడ్చేశాను.

ఆమె నన్ను ఓదార్చలేదు. డబ్బాకు కరెంటు పెట్టి, చెవి ఆనించి విన్నారు. డబ్బాతో సహా మా ఇంటికొచ్చి, "ప్లగ్గు పీకిందెవరు?" అని అడిగారు.

"నేనే," అన్నాడు నాయన దర్జాగా. "పోగు తెగితే మొదుట మగ్గం ఆపల్ల గదా టీచరమ్మా! ఆపకుంటే గుడ్డంతా పాడవదా?"

"ఇది మగ్గం గాదప్పా! అది నిల్చిపోలే, దెబ్బతిన్న చోట తడుముకుంటాంది. నువ్వు పీకినప్పుడల్లా ఇంకో దెబ్బ."

నాయన ముఖం చూడాలి! జీవితమంతా కాపాడిన అలవాటే ఇక్కడ కొంప ముంచుతోందాయె.

ఆమె లెక్క తేలిక. "ముందు ఉన్నది దక్కించుకుందాం. బాగుచెయ్యడం ఆ తర్వాత." డిస్కు ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేద్దామంటే, వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి మొదలయ్యేసరికి లైట్లు మసకబారేవి, ఆమె మిషన్ ఆగి మళ్లీ మొదలయ్యేది. ఆమె యూపీఎస్ ఎప్పుడో చచ్చింది. పులివెందులలో వాళ్ల తమ్ముడి ఇంటికి పోదామంటే, "బస్సు కుదుపుకు ఉన్న ప్రాణం కూడా పోతాది" అన్నారు. కాసేపు స్క్రూడ్రైవర్‌తో తల గోక్కుని, "మీ మగ్గాలు యెప్పుడు ఊరకుంటాయి?" అని అడిగారు.

"ఆయుధపూజ నాడు తప్ప ఊరకుండవు," అన్నాను.

"అబ్బా! అయితే ఆ పొద్దే ఆపరేషన్!" అని చప్పట్లు కొట్టారు. నాకూ ఊపొచ్చేసింది.

పండగ పొద్దున వీధి వీధంతా నిశ్శబ్దం. బల్బు కన్నార్పకుండా వెలుగుతోంది. తీరా చూస్తే మా జేజి, అంటే నాయన తల్లి, మగ్గాలతో పాటు కంప్యూటర్‌కూ బొట్టు పెట్టి, పూలు చుట్టి, నిమ్మకాయ పెట్టి దాని ముందు కూర్చుంది.

"ఈ పొద్దు దేన్నీ పని చేపీగూడదు. ముట్టుకున్నారంటే ఊరుకోను!"

టీచర్ చెప్పులు గడప బయట విడిచి, జేజి పక్కనే చతికిలబడ్డారు. "పని గాదు జేజీ, వైద్యం. పండగని చెప్పి జరమొచ్చినోళ్లను డాక్టరు చూడడా?"

జేజి నిమ్మకాయను తీసి పక్కన పెట్టింది. "వైద్యమైతే చేసుకోండి. బొట్టు మాత్రం చెరపగాకండి."

మూత మీద బొట్టుకు వేలు తగలకుండా టీచర్ మరలు విప్పుతుంటే నవ్వాపుకోలేక చచ్చాను. డిస్కు చేతికి రాగానే జేజి దానికీ ఒక చిన్న బొట్టు పెట్టింది.

టీచర్ ఇంట్లో కాపీ మొదలైంది. జేజి కూడా వెంట వచ్చి పక్కన కూర్చుంది. ఒక్కో అంచూ వస్తోంది. జొన్నకంకి దగ్గర ఆగింది. టక్... టక్... "మొండికేసిన దాన్ని ఇప్పుడు కదిలీగాకు. తక్కినవన్నీ రానీ, దాన్ని చివర్లో అడుగుదాం," అన్నారు టీచర్. పొద్దుగూకేసరికి తక్కినవన్నీ వచ్చాయి. చివరికి మళ్లీ దాని దగ్గరే ఆగాం. ఇంతలో దూరంగా డప్పులు. అమ్మవారి ఊరేగింపు! అది మా వీధిలోకి తిరిగిందంటే వైర్లు తగులుతాయని కరెంటు తీసేస్తారు. గడపలో నాయన అటూ ఇటూ తిరిగి, ఉండబట్టలేక లోపలికొచ్చాడు. "కదల్లేదే! ఒకసారి తీసి పెడితే..." అని ప్లగ్గు వైపు చెయ్యి చాచాడు. అంతే, జేజి ఆ చేతిమీద ఫెడీల్మని ఒక్కటిచ్చింది. "వైద్యం జరుగుతాంటే చెయ్యి పెడతావేందిరా!"

డప్పులు వీధి మలుపులోకొచ్చాయి. తెరమీద కాపీ ఎంతయిందో చూపే గీత ఉన్నట్టుండి కదిలింది, నిండింది.

"వచ్చింది టీచర్!" అని ఎగిరి ఆమెను కావలించుకున్నాను. ఆమె మిషన్ ఆపిన కాసేపటికే కరెంటు పోయింది. చీకట్లో జేజి ఒక్కతే చప్పట్లు కొడుతోంది.

మర్నాడు తీరిగ్గా ఆ డిస్కుకు పూర్తి చెకింగ్ పెట్టాం. సగంలో టక్కుమని ఒక్క చప్పుడు చేసి మళ్లీ లేవలేదు. కాపీకి ముందే చెకింగ్ పెట్టి ఉంటే? టీచర్ మాత్రం దాన్ని తుడిచి నా చేతిలో పెట్టి, "పాపం, ఇచ్చేది ఇచ్చే పోయింది" అన్నారు.

వ్యాపారికి మొదట నచ్చింది జొన్నకంకే. బీఎడ్ మాట నాయన మళ్లీ ఎత్తలేదు. మా మగ్గం మీద దిగిన మొదటి చీర టీచర్‌కే ఇచ్చాను. ఆమె పోయేదాకా ప్రతి క్రిస్మస్‌కూ అదే కట్టారు. ఆ చచ్చిన డిస్కు ఇప్పటికీ నా బల్లమీదే ఉంది. ప్రతి ఆయుధపూజకూ మొదటి బొట్టు దానికే.

ఈ పొద్దు కూడా నా చెయ్యి ప్లగ్గు వైపు పోలేదు. చెకింగూ పెట్టలేదు. కాపీ పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొండికేసిన వాటిని చివరికి ఉంచాను. మధ్యాహ్నానికి ఆఖరి గీత నిండింది.

"వచ్చింది టీచర్!" అని గట్టిగా అరిచేశాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.